హన్మకొండలో అజేలియా బోన్సాయ్: మూడు మొక్కలు, రెండున్నరేళ్ల లెక్క

బోన్సాయ్‌గా, అంటే కుండీలో చిన్న చెట్టులా పెంచాలని అజేలియా అనే పూల మొక్కలు మూడు కొన్నాను. ఒకటి మూడు నెలలకే చచ్చిపోయింది. మిగిలిన రెండూ ఏడాదికి పైగా చావుబతుకుల్లో ఉండి ఇప్పుడు తేరుకున్నాయి. వరంగల్, కరీంనగర్ వైపు ఎవరైనా అజేలియా పెంచాలనుకుంటే నా తప్పులు వాళ్లు మళ్లీ చేయకూడదని, నోటుబుక్కులో తేదీలవారీగా రాసుకున్నవన్నీ ఇక్కడ పెడుతున్నాను.

అజేలియా అనగానే అందరూ మన ఎండల గురించే హెచ్చరిస్తారు. నేనూ ఎండకే భయపడి జాగ్రత్తలన్నీ దానికే తీసుకున్నాను. తీరా చూస్తే నా మొక్కలను ఎక్కువగా దెబ్బతీసింది సున్నం. బోరు నీళ్లలో వచ్చింది, ఇటుక ముక్కల్లో వచ్చింది, స్లాబు మీద నుంచి వచ్చింది, ఆఖరికి కుండీ గోడలోంచి కూడా ఊరి వచ్చింది. ఒక్కో దారి కనిపెట్టడానికి నాకు ఒక్కో సీజన్ పట్టింది.

అజేలియా రోడోడెండ్రాన్ జాతి మొక్క. దానికి పులుపు మట్టి కావాలి, అంటే పీహెచ్ (పులుపు, క్షార గుణాల కొలత; 7 కంటే తగ్గేకొద్దీ పులుపు) 4.5 నుంచి 6 లోపల. పీహెచ్ 7 దాటితే మట్టిలో ఇనుము ఉన్నా కరగదు, వేళ్లకు అందదు. మన నర్సరీల్లో దొరికేవి ఎక్కువగా ఇండికా రకం హైబ్రిడ్లు. పేరులో ఇండికా ఉన్నా వీటి మూలాలు చైనా, జపాన్‌లలో ఉన్నాయి. జపాన్ వాళ్లు బోన్సాయ్‌కి ఎక్కువగా వాడే సత్సుకి రకం నాకు దొరకలేదు.

మొదటి దశ: తప్పుడు మట్టి (నవంబర్ 2022 – ఫిబ్రవరి 2023)

హన్మకొండలోనే ఒక నర్సరీలో, కొండ ప్రాంతం నుంచి వచ్చిన మొక్కలు మూడు తీసుకున్నాను. ఒక్కోటి 350 రూపాయలు. మట్టి మట్టం దగ్గర కాండం మందం కొలిచి నంబర్లు వేశాను: ఒకటో నంబరు 11 మి.మీ., రెండోది 9, మూడోది 8.

డిసెంబర్ 4న మూడింటినీ మట్టి కుండీల్లోకి మార్చాను. నా మిశ్రమం ఇది: ఎర్రమట్టి రెండు పాళ్లు, రైస్ మిల్లు నుంచి తెచ్చిన కాల్చిన నల్ల ఊక ఒక పాలు, వీధిలో కూల్చిన పాత గోడ ఇటుకలు పగలగొట్టిన ముక్కలు ఒక పాలు. మా జువ్వి బోన్సాయ్ మూడేళ్లుగా ఇదే మిశ్రమంలో ఏపుగా ఉంది. దానికి పనికొచ్చింది దీనికీ పనికొస్తుందనుకోవడం మొదటి తప్పు. రోజూ బోరు నీళ్లే పోశాను.

జనవరి మూడో వారానికి కొత్త ఆకులు పసుపుపచ్చగా వచ్చాయి. ఆకంతా పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. ఈ తేడా బాగా గమనించండి. కింది ముదురు ఆకులు ఈనెలతో సహా పసుపైతే అది నత్రజని లోపం. పైన లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే అది ఇనుము అందకపోవడం. నాకప్పుడు ఈ తేడా తెలియక పశువుల ఎరువు వేశాను.

ఫిబ్రవరి 19న మూడో నంబరు చచ్చిపోయింది. పారేయకుండా కుండీలోంచి తీసి వేళ్ల ముద్దను కత్తితో నిలువుగా కోసి చూశాను. బయట నేను వేసిన మట్టి తడిగా ఉంది. లోపల నర్సరీ నుంచి వచ్చిన పీట్ (కుళ్లిన నాచు మట్టి) ముద్ద, పిడికిలంత భాగం, పొడి పొడిగా ఉంది. పీట్ ఒకసారి పూర్తిగా ఎండితే నీళ్లను పీల్చదు. పోసిన నీళ్లన్నీ పక్కనుంచి జారి కింది రంధ్రంలోంచి పోయాయి. అజేలియా వేళ్లు జుట్టులా సన్నగా ఉంటాయి, అవన్నీ ఆ ముద్దలోనే ఉన్నాయి. రోజూ నీళ్లు పోస్తూనే దాన్ని దాహంతో చంపాను. ఇది రాయడానికి ఇప్పటికీ మనసొప్పడం లేదు.

మిగిలిన రెండింటినీ ఆ సాయంత్రమే కుండీలతో సహా బకెట్ నీళ్లలో ముంచాను. బుడగలు ఆగడానికి ఒకటో నంబరుకు 25 నిమిషాలు పట్టింది, రెండోదానికి 40. అంత పొడిగా ఉన్నాయన్నమాట.

లెక్క: మొక్కలు 1,050 + కుండీలు 180 = 1,230 రూపాయలు. బతికినవి: 2.

రెండో దశ: కొలతలు, కొత్త మిశ్రమం (మార్చి 2023)

ఇక ఊహలు చాలనుకుని టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) మీటరు, పీహెచ్ పేపరు, గాజు థర్మామీటరు కొన్నాను. పీహెచ్ పేపరు అర పాయింటు తేడా చూపించగలదు, ఈ పనికి అంత చాలు. మట్టి పరీక్షకు ఒక గ్లాసు మట్టిలో రెండు గ్లాసుల డిస్టిల్డ్ వాటర్ (బ్యాటరీల షాపులో దొరుకుతుంది) కలిపి, అరగంట ఆగి, పైన తేరిన నీళ్లలో పేపరు ముంచాను. నాకొచ్చినవి ఇవి:

- ఎర్రమట్టి: 7
- కాల్చిన ఊక: 8.5
- పాత గోడ ఇటుక ముక్కలు: 9
- మా బోరు నీళ్లు: 8, టీడీఎస్ 860
- వాటర్ ప్లాంటు క్యాన్ నీళ్లు: 6.5, టీడీఎస్ 55
- కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు): 6

ఇటుక ముక్కలు ఎందుకలా ఉన్నాయో వెనిగర్‌తో తెలిసింది. నాలుగు చుక్కలు వేయగానే ముక్కల అంచుల్లో నురగ వచ్చింది. పాత గోడ సున్నం, సిమెంటు వాటికి అంటుకునే ఉన్నాయి. బట్టీ నుంచి తెచ్చిన కొత్త ఇటుక మీద వేస్తే నురగ రాలేదు. కంకర, ఇసుక, ఇటుక ఏది వాడినా ముందు వెనిగర్ గానీ నిమ్మరసం గానీ వేసి చూడండి. నురగ వస్తే దాన్ని అజేలియా దగ్గరికి రానివ్వొద్దు.

జపాన్‌లో దీనికి కనుమా అనే మట్టి వాడతారు. తొచిగి ప్రాంతంలోని కనుమా పట్టణం దగ్గర దొరికే అగ్నిపర్వతపు తేలిక రాయి అది, సహజంగానే పులుపు. ఇక్కడికి తెప్పించుకుంటే మట్టి ఖరీదు మొక్కను మించిపోతుంది. అందుకే ఈ మిశ్రమానికి మారాను: కోకోపీట్ 4 పాళ్లు, పైన్ బెరడు ముక్కలు 3, పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు) 3.

కోకోపీట్‌ను కడగకుండా వాడొద్దు, దాంట్లో ఉప్పు ఉంటుంది. మొదటి కడుగులో జారిన నీళ్ల టీడీఎస్ 1,900. మూడో కడుగుకు 410 అయింది. ఐదోసారి క్యాన్ నీళ్లతో కడిగితే 130కి వచ్చింది. అక్కడ ఆపాను.

కుండీ మార్చిన తీరు:

1. ముందురోజు రాత్రి మొక్కను నీళ్లలో ముంచి తీశాను. పొడి ముద్దను ముట్టుకుంటే వేళ్లు తెగుతాయి.
2. పాత మట్టిని పైపు నీళ్లతో, వెదురు పుల్లతో మెల్లగా వదిలించాను. ఇనుప గోరు వాడలేదు, సన్నవేళ్లు చీలిపోతాయి.
3. వేళ్ల ముద్ద అడుగున మూడో వంతు కత్తిరించాను. పక్కలను ముట్టుకోలేదు.
4. మధ్యలో గట్టిపడిన పీట్‌కు పుల్లతో ఐదారు చోట్ల నిలువు రంధ్రాలు చేసి కొత్త మిశ్రమం నింపాను.
5. కుండీకి తీగతో కట్టి, ఊగకుండా బిగించాను.
6. రెండు వారాలు పూర్తి నీడలో ఉంచాను.

నీళ్ల సంగతి మాత్రం తప్పుగా తేల్చుకున్నాను. బోరు నీళ్లలో నిమ్మ ఉప్పు వేస్తే సరిపోతుందనుకున్నాను. పది లీటర్ల బకెట్‌కు 4 గ్రాములు వేస్తే పీహెచ్ 8 నుంచి 6కు దిగింది. ఐదు వారాలు శ్రద్ధగా అలాగే పోశాను. ఏప్రిల్ 23న కుండీ మట్టి పరీక్షిస్తే 7 చూపించింది! నమ్మలేక మూడుసార్లు చూశాను.

కారణం తర్వాత అర్థమైంది. నిమ్మ ఉప్పును మట్టిలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. అది పోగానే క్షారం మళ్లీ తయారవుతుంది. నీళ్లలోని కాల్షియం ఎక్కడికీ పోదు, రోజురోజుకూ కుండీలో పేరుకుంటుంది. బకెట్‌లో పేపరు రంగు మారింది కదా అని ఐదు వారాలు మోసపోయాను. వెనిగర్ కలిపినా ఇదే జరుగుతుంది. ఒకటి రెండు రోజుల అవసరానికి తప్ప రోజువారీకి ఇది పనికిరాదు.

లెక్క: మీటరు 300, పేపరు 180, థర్మామీటరు 150, కోకోపీట్ 220, పెర్లైట్ 250, బెరడు 380, నిమ్మ ఉప్పు 40. ఈ దశకు 1,520. మొత్తం 2,750. బతికినవి: 2.

మూడో దశ: మొదటి ఎండాకాలం (ఏప్రిల్ చివర – జూన్ 2023)

క్యాన్ నీళ్లకు మారాను. రెండు మొక్కలకు కలిపి రోజుకు రెండున్నర లీటర్లు. క్యాన్ 20 లీటర్లు, 15 రూపాయలు. ఆరు క్యాన్లతో వానలు పడేదాకా గడిచింది. ఇంత చిన్న ఖర్చుకు వెనకాడి ఐదు వారాలు పోగొట్టుకున్నందుకు బాధేసింది.

ఎండ విషయానికొస్తే ఆకులకంటే వేళ్లు ముందు ఉడికిపోతాయి. మే 14 మధ్యాహ్నం రెండింటికి కొలిచాను. మేడ మీద పిట్టగోడ నీడలో గాలి 45 డిగ్రీలు. అక్కడే ఖాళీగా పెట్టిన నల్ల ప్లాస్టిక్ కుండీలో మట్టి 48. కింద తూర్పు వరండాలో మట్టి కుండీలో 38. వరండాలోనే పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దాని మధ్యలో కుండీ దించితే లోపలి మట్టి 31. రంజన్‌లో (నీళ్ల మట్టి కుండలో) నీళ్లు చల్లబడే పద్ధతే ఇది. కుండ గోడలోంచి తేమ ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. మన ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది.

ఆ రోజే రెండు మొక్కలకూ ఈ ఏర్పాటు చేశాను. ఉదయం తొమ్మిది వరకు తూర్పు ఎండ, తర్వాత 75 శాతం షేడ్‌నెట్ నీడ. ముందు కట్టిన 50 శాతం నెట్ సరిపోలేదు, ఆకుల అంచులు మాడాయి. ఆకుల మీద మధ్యాహ్నం నీళ్లు చల్లడం కూడా మానేశాను. పైపులో వచ్చేది బోరు నీళ్లే, ఆకుల మీద తెల్ల మచ్చలు కట్టాయి.

పసుపు ఆకుల కోసం, ఎనుమాముల మార్కెట్ దగ్గర ఎరువుల షాపులో చిలేటెడ్ ఐరన్ (మొక్కకు అందేలా తయారుచేసిన ఇనుము) తీసుకున్నాను. నేను కొన్న ఈడీటీఏ రకం ఐరన్, మట్టి పీహెచ్ ఆరున్నర దాటితే మట్టిలో సరిగా పనిచేయదు కాబట్టి ఆకుల మీద పిచికారీ చేశాను. లీటరుకు అర గ్రాము, సాయంత్రం పూట, పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు. పాత ఆకులు పూర్తిగా కోలుకోలేదు. జూన్ రెండో వారంలో వచ్చిన చిగుళ్లు మాత్రం నిండు ఆకుపచ్చగా వచ్చాయి. నవంబర్ నుంచి అలాంటి ఆకు చూడటం అదే మొదలు.

మా అత్తమ్మ కరివేపాకుకు పులిసిన మజ్జిగ, గులాబీలకు కోడిగుడ్డు పెంకులు వేస్తుంది. మే నెలలో రెండో నంబరు కుండీలో పెంకు ముక్కలు కనిపించాయి. "అత్తమ్మా, ఈ రెండింట్ల మాత్రం పెంకులు వేయకండి" అంటే, "గులాబీకి మంచిదే గదనే, దీనికేమైతది?" అంది. పెంకు కూడా సున్నమేనని, దీనికి పడదని చెప్పాను. ఆ రోజు నుంచి ఇంటికొచ్చిన వాళ్లకు ఆమే చెబుతోంది. ఇంట్లో వాళ్లకు మొదటి రోజే చెప్పకపోవడం నా పొరపాటు. పెంకులతోపాటు కట్టెల బూడిద, ఎముకల పొడి కూడా దీనికి వద్దు.

లెక్క: షేడ్‌నెట్ 240, పెద్ద కుండలు రెండు 240, క్యాన్లు 90, ఐరన్ 110. ఈ దశకు 680. మొత్తం 3,430. రెండో నంబరుకు ఒక కొమ్మ ఎండింది. బతికినవి: 2.

నాలుగో దశ: వాన నీళ్లు (జులై – అక్టోబర్ 2023)

కాజీపేటలో 200 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు తెచ్చాను. డ్రమ్ములో అంతకుముందు ఏం ఉండేదో అడిగి, వాసన చూసి తీసుకోండి. నేను జ్యూస్ కాన్సన్‌ట్రేట్ వచ్చినవి తీసుకున్నాను.

స్లాబు నుంచి దిగే పైపును డ్రమ్ముకు కలిపాను. 2023 జులై చివరి వారం వానలు మన జిల్లాలో ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు, కాలనీలకు కాలనీలే మునిగాయి. మా వీధిలో మోకాలి లోతు నీళ్లు. డ్రమ్ములు ఒక్క రాత్రిలో నిండాయి. వాన నీళ్లు కదా అని కొలవకుండానే వారం రోజులు పోశాను. ఎందుకో అనుమానం వచ్చి పేపరు ముంచితే పీహెచ్ 8.5. టీడీఎస్ 140. వాన నీళ్లు అలా ఉండకూడదు.

మా ఆయన గుర్తుచేశాడు. మార్చిలో ఇల్లు చల్లగా ఉండాలని స్లాబు మొత్తానికి సున్నం కొట్టించాం. ఇక్కడ సగం ఇళ్లకు అదే చేస్తారు. వానంతా ఆ సున్నం మీద పారి డ్రమ్ములోకి వచ్చింది.

రెండు డ్రమ్ములూ ఖాళీ చేశాను. స్లాబు పైపు తీసేసి, బండి పెట్టే రేకుల షెడ్డు అంచుకు సగానికి కోసిన పీవీసీ పైపు కట్టాను. షెడ్డు 10 అడుగులకు 8 అడుగులు, అంటే దాదాపు 7.4 చదరపు మీటర్లు. ఒక మి.మీ. వాన చదరపు మీటరుకు ఒక లీటరు. పది మి.మీ. వాన పడితే 74 లీటర్లు రావాలి, నాకు 60 పైచిలుకు వచ్చాయి. మొదటి పావుగంట నీళ్లు దుమ్ముతో వస్తాయి, వాటిని వదిలేస్తాను. తర్వాత పట్టినవి టీడీఎస్ 12, పీహెచ్ 6.

నిల్వ లెక్క ఇలా వేశాను. నవంబర్ నుంచి ఫిబ్రవరి చివరి దాకా 120 రోజులు, రోజుకు 1.2 లీటర్లు, అంటే 144. మిగిలేది 256. మార్చి నుంచి రోజుకు రెండున్నర చొప్పున 102 రోజులు. జూన్ పదో తేదీ దాకా వస్తాయి. రెండు మొక్కలకు రెండు డ్రమ్ములు సరిగ్గా సరిపోతాయన్నమాట. డ్రమ్ము మూతికి సన్న దోమతెర రెండు పొరలు కట్టి, పైన మూత పెట్టాలి. ఇది తప్పనిసరి, వానాకాలం ఇక్కడ డెంగీ భయం ఉంటుంది. డ్రమ్ములకు చోటు లేనివాళ్లు క్యాన్ నీళ్లే వాడండి. ఏడాదికి 20 క్యాన్లు, నేను కొన్న ధరకు 300 రూపాయలు.

ఆ వానల్లోనే ఇంకో నష్టం జరిగింది. పెద్ద కుండలో ఇసుక నీళ్లతో నిండిపోయి, లోపలి కుండీ అడుగు నాలుగు రోజులు నీళ్లలో ఉంది. ఒకటో నంబరు అడుగు వేళ్లు నల్లబడి మెత్తబడ్డాయి. వాటిని కత్తిరించి, పెద్ద కుండల అడుగున డ్రిల్‌తో మూడేసి రంధ్రాలు వేశాను. వానాకాలం పొడుగునా కుండీలను ఇసుకలోంచి తీసి ఇటుకల మీద పెట్టడం అప్పుడే మొదలుపెట్టాను.

సెప్టెంబర్‌లో రెండో నంబరు రెమ్మలు గజిబిజిగా ఉన్నాయని గుండ్రంగా కత్తిరించాను. ఈ తప్పు ఫలితం జనవరిలో తెలిసింది.

లెక్క: డ్రమ్ములు 1,800, పైపు, ఎల్బోలు, తెర 420. ఈ దశకు 2,220. మొత్తం 5,650. బతికినవి: 2.

ఐదో దశ: ఆకారం (జనవరి – జులై 2024)

2024 జనవరి, ఫిబ్రవరిలో ఒకటో నంబరుకు 14 పూలు, రెండోదానికి 3. పూమొగ్గలు అంతకుముందు వేసవి చివర్లో, వానాకాలంలో కొత్త రెమ్మల కొసల్లో తయారవుతాయి. సెప్టెంబర్‌లో నేను కత్తిరించినవి రెమ్మలే కాదు, పూలు కూడా. ఇప్పుడు జూన్ చివరి తర్వాత కత్తెర పట్టుకోను. మన చలి కూడా దీనికి చాలదు, పూలు ఒక్కసారిగా కాకుండా విడతలు విడతలుగా వచ్చాయి.

పూలు వాడగానే పువ్వుతోపాటు దాని అడుగున ఉన్న చిన్న కాయ భాగాన్ని కూడా గిల్లేయాలి. రేకులు మాత్రమే తీస్తే మొక్క విత్తనాలకు బలం ఖర్చు చేస్తుంది.

మార్చి 3న అసలు కత్తిరింపు చేశాను. జువ్వికి చేసినట్టే చేశాను: పైన గట్టిగా కత్తిరించి, కింది కొమ్మలు లావెక్కాలని వదిలేశాను. చాలా చెట్లకు బలం పైకి పరుగెడుతుంది, అందుకే పైన కత్తిరిస్తాం. అజేలియాకు సరిగ్గా ఉల్టా. ఇది పొద స్వభావం ఉన్న మొక్క, దీని బలం మొదలు దగ్గర ఉంటుంది. జూన్ 9న కొలిస్తే ఒకటో నంబరు కింది కొమ్మ 16 సెం.మీ. సాగింది. పైన మిగిల్చిన రెండు రెమ్మలు 3 సెం.మీ. దగ్గర ఆగిపోయి, ఒకటి ఎండుముఖం పట్టింది. ఇంకొక్క ఏడాది అలాగే వదిలితే పైభాగం పోయి పొదే మిగిలేది.

సరిదిద్దిన పద్ధతి:

1. కింది కొమ్మలను రెండేసి ఆకులకు కత్తిరించాను.
2. పైభాగాన్ని అసలు ముట్టుకోలేదు.
3. మొదలు దగ్గర మట్టిలోంచి వచ్చే పిలకలను వారానికోసారి గోటితో గిల్లేశాను.
4. ఒక్కో కణుపు దగ్గర నాలుగైదు రెమ్మలు వస్తాయి. రెండు మాత్రం ఉంచి, కిందికీ నిటారుగా పైకీ పోయేవి తీసేశాను. అన్నీ ఉంచితే అక్కడ ముడిలా ఉబ్బుతుంది.

ముదురు కాండం మీద కోసినచోట కూడా ఇది చిగురిస్తుంది. ఒకటో నంబరులో పెద్ద కొమ్మ కోసిన ఐదు వారాలకు కాండం మీద తొమ్మిది చిగుళ్లు లేచాయి. మూడు ఉంచాను. ఇంత కష్టపెట్టినా ఈ మొక్క ఎక్కడ కోస్తే అక్కడ మళ్లీ మొదలుపెట్టే గుణం చూసే, నేను దీన్ని వదల్లేదు.

తీగ చుట్టడంలో ఒక కొమ్మ విరిగింది. 2 మి.మీ. అల్యూమినియం తీగ చుట్టి, రెండో నంబరు ఎడమ కొమ్మను కిందికి వంచాను. జువ్వి కొమ్మ రబ్బరులా వంగుతుంది. ఇది కాండం దగ్గర టక్కున చీలింది. గ్రాఫ్టింగ్ టేపు (అంటు కట్టే టేపు) చుట్టినా మూడు వారాలకు ఎండిపోయింది. అజేలియా కొమ్మలు పెళుసు, ముఖ్యంగా కాండంతో కలిసేచోట. ఆ తర్వాత ఇలా మార్చాను: వంచే ముందు ఒక పూట నీళ్లు తగ్గించడం (నిండా నీళ్లున్న కొమ్మ ఇంకా పెళుసుగా ఉంటుంది), తడిపిన అరటినార గట్టిగా చుట్టడం, తీగ చుట్టకుండా కుండీ అంచుకు సన్న తీగతో కిందికి గుంజి కట్టడం. తీగ కొమ్మకు కోసుకోకుండా సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్క మధ్యలో పెట్టాను. పది రోజులకోసారి కొద్దికొద్దిగా బిగించాను. 52 రోజుల్లో ఒకటో నంబరు కుడి కొమ్మ 20 డిగ్రీలు కిందికి దిగింది, ఎక్కడా చీలలేదు.

కత్తిరించిన ఆకులు, పూలు వీధిలో వేయొద్దు. వీటిలో గ్రయానోటాక్సిన్ అనే విషం ఉంటుంది. మా వీధిలో మేకలు తిరుగుతాయి, అందుకే అన్నీ సంచిలో కట్టి చెత్త బండికి ఇస్తాను. చిన్న పిల్లలున్న ఇళ్లలో కుండీ ఎత్తుమీద ఉండాలి.

లెక్క: తీగ 250, కత్తెర 320, టేపు 90. ఈ దశకు 660. మొత్తం 6,310. బతికినవి: 2.

ఆరో దశ: కుండీ గోడలోంచి (ఏప్రిల్ 2024 – ఏప్రిల్ 2025)

రెండో ఎండాకాలం డ్రమ్ము నీళ్లు పొదుపు చేద్దామని, పెద్ద కుండలోని ఇసుకను బోరు నీళ్లతో తడిపాను. మొక్కకు మాత్రం వాన నీళ్లే. ఇసుకకు ఏ నీళ్లయితేనేం అనుకున్నాను. మే చివరికి ఒకటో నంబరులో మళ్లీ లేత ఆకులు పాలిపోయాయి. కుండీకి వాన నీళ్లు పోసి కిందికి జారినవి పట్టి కొలిచాను. ఏప్రిల్‌లో 90 ఉన్న టీడీఎస్ 640 అయింది.

లోపలి కుండీ కూడా కాల్చిన మట్టిదే. ఇసుకలోని బోరు నీళ్లు దాని గోడలోంచి లోపలికి ఊరాయి. కుండీ లోపలి అంచున తెల్లటి పొర గీరితే ఊడింది, వెనిగర్ వేస్తే నురగ వచ్చింది.

మూడు రోజుల పాటు రోజుకు మూడు లీటర్ల వాన నీళ్లతో కుండీని కడిగాను. టీడీఎస్ 640 నుంచి 380, 210, 120. తర్వాత రెండు మొక్కలనూ లోపలా బయటా గ్లేజు (నీళ్లు ఊరని గాజు పూత) ఉన్న కుండీల్లోకి మట్టి ముద్ద కదలకుండా మార్చాను. ఇప్పుడు పెద్ద కుండ మట్టిది, లోపలిది గ్లేజుది. ఇసుకకు బోరు నీళ్లే పోస్తున్నాను. లోపలి మట్టి 33 డిగ్రీలు ఉంటోంది, ముందుకంటే రెండు డిగ్రీలు ఎక్కువ. అయినా ఉప్పు లోపలికి రావడం లేదు, నాకు అదే ముఖ్యం.

ఎర్రనల్లి జూన్‌లో వచ్చింది. ఆకు వెనక తెల్ల కాగితం పెట్టి తడితే దుమ్ములా కదిలే చుక్కలు పడ్డాయి. వేపనూనె వారానికోసారి మూడుసార్లు కొడితే తగ్గింది. ఎరువుగా అమ్మోనియం సల్ఫేట్ లీటరుకు ఒక గ్రాము, నెలకోసారి, ఎండాకాలం మానేసి. ఎరువుల షాపులో విడిగా పావుకిలో ఊరికే ఇచ్చారు.

2025 జనవరి నుంచి ఫిబ్రవరి చివరి దాకా ఒకటో నంబరుకు 41 పూలు, రెండోదానికి 17. మార్చి 2న పూలయ్యాక మట్టి మార్చాను. రెండేళ్లలో బెరడు సగం మురిగి మట్టి మట్టం 2 సెం.మీ. దిగింది. ఈసారి బెరడు తగ్గించి పెర్లైట్ పెంచాను: 4, 2, 4. మట్టి పీహెచ్ 5.5. కాండం మందం ఒకటోది 15 మి.మీ., రెండోది 12.

లెక్క: గ్లేజు కుండీలు 560, వేపనూనె 120. ఈ దశకు 680. మొత్తం 6,990. బతికినవి: 2.

ఏప్రిల్ మొదటి వారంలో మళ్లీ స్లాబుకు సున్నం కొట్టించారు. కూలీలు రాకముందే అత్తమ్మ రెండు కుండీలనూ లోపలి గదిలో పెట్టి, డ్రమ్ముల మీద పాత దుప్పటి కప్పింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి దుప్పటి మీద తెల్ల చుక్కలున్నాయి, డ్రమ్ములో నీళ్లు కొలిస్తే టీడీఎస్ 14.

ఇవాళ 2025 ఏప్రిల్ 12. ఒక డ్రమ్ము ఖాళీ. రెండోదాంట్లో 150 లీటర్లున్నాయి, రోజుకు రెండున్నర చొప్పున 60 రోజులు, జూన్ 11 దాకా. వానలు ఆలస్యమైతే క్యాన్ తెప్పిస్తాను. ఒకటో నంబరు పైభాగంలో కొత్త రెమ్మ 7 సెం.మీ. ఉంది, దాన్ని ఈ ఏడాది కత్తిరించను. రెండోదానికి ఎడమ కొమ్మ విరిగినచోట, గాయానికి అర సెం.మీ. కింద, ఒక చిగురు లేచింది. దానికి ఇంకా తీగ కట్టలేదు.